ఊరి చివరి నుంచి – 11: రీసేల్ ఉండదు మేడం

“ఆ గల్లీ వద్దు మేడం. వెనకాలే ఎస్సీ కాలనీ ఉంది. రేపు అమ్ముకోవాలన్నా రీసేల్ ఉండదు.”

ఈ మాట అన్న మనిషి చెడ్డవాడేం కాదు. మూడు ఆదివారాలు ఎండలో తన బండి మీద ముందు పోతూ మాకు ఇళ్ళు చూపించాడు. ఏ అపార్ట్‌మెంట్‌లో ఎండాకాలం బోరు ఎండిపోతుందో, ఏ గల్లీలో వాన పడితే మోకాళ్ళ లోతు నీళ్ళు నిలుస్తాయో దాచకుండా చెప్పాడు. ఈ మాట కూడా అట్లాగే, మా మేలు కోరే చెప్పాడు. మేమెవరమో అతనికి తెలియదు. నా పేరు వెనక తోక లేదు. నా సహచరుడిది చర్చి పేరు కాదు. ఇద్దరం జీతగాళ్ళం. చేతిలో ఫైలు, పక్కన స్కూలుకెళ్ళే పాప. అతని లెక్కలో మేం “మంచి ఫ్యామిలీ”.

నేనేమన్నానో తెలుసా? “అవునా అండీ” అన్నాను.

అంతే. దళిత కవిత్వం మీద డాక్టరేట్ చేసినదాన్ని. సభలో మైకు ఇస్తే టైం అయిపోయిందని చీటీ పంపేదాకా దించనిదాన్ని. ఇక్కడ పది భాగాలుగా మీకు ఆత్మగౌరవం గురించి రాస్తున్నదాన్ని. “అవునా అండీ” అని తలూపి, పాప చెయ్యి పట్టుకుని పక్క గల్లీలోకి నడిచాను.

అప్పటి నుంచి ఆ రెండు ముక్కలు గొంతులో చేప ముల్లులాగా ఉన్నాయి. మింగుడు పడవు, బయటికి రావు. ఈ భాగం వాటి గురించే.

*

అద్దె ఇళ్ళ మీద రాసిన గత భాగం చదివి చాలామంది ఒకే మాట అన్నారు. “సొంతిల్లు కొనుక్కో అక్కా, ఈ పీడ వదిలిపోతది.” నేనూ అట్లాగే అనుకున్నాను. అద్దెకిచ్చేవాడు మన వంటింట్లోకి తొంగి చూస్తాడు, ఏం వండుతారు, ఎవరొస్తారు అని అడుగుతాడు. కొనేటప్పుడు అదంతా ఎందుకుంటుంది? డబ్బులిస్తాం, సంతకం పెడతాడు, తాళంచెవులిచ్చి పోతాడు. డబ్బుకు కులం లేదని ఎంతమంది పెద్దలు చెప్పలేదు మనకు!

సూర్యాపేట దగ్గరి పల్లె మాది. నగరంలో నా జీవితమంతా హాస్టళ్ళు, తర్వాత రామంతపూర్‌లో అద్దె ఇళ్ళు. కాలేజీ భువనగిరి వైపు, నా సహచరుడి ఉద్యోగం సికింద్రాబాద్‌లో. ఇద్దరికీ మధ్యలో పడాలంటే వరంగల్ రోడ్డే దిక్కు. ఉప్పల్, బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి, నారపల్లి, ఘట్‌కేసర్. ఏళ్ళ తరబడి ఆ దారిన బస్సులో పోయి వస్తున్నాను కానీ రోడ్డు దిగి లోపలికి వెళ్ళింది లేదు. ఫ్లైఓవర్ పిల్లర్ల కింద దుమ్ము తింటూ పోవడమే. ఉప్పల్ దాటాక మాకు తెలిసిన గడప ఒక్కటి లేదు.

సంక్రాంతి సెలవుల నుంచి వెతకడం మొదలుపెట్టాం. బ్యాంకు ఇచ్చే లోను, మా చీటీ డబ్బులు, అమ్మ గొలుసు అన్నీ కలిపితే 45 లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చే ఏడున్నర శాతం దాకా పోతుంది కాబట్టి చేతిలో నిలిచేది అంతకంటే తక్కువ. స్టాఫ్ రూంలో అడిగితే ప్రతివాళ్ళూ ఒక లిస్టు చెప్పారు. మున్సిపల్ నీళ్ళు వస్తాయా చూడు. చెరువు ఎఫ్‌టీఎల్‌లో ఉందేమో చూడు. రెరా నంబరు అడుగు. లేఅవుట్ హెచ్‌ఎండీఏదా, పాత గ్రామపంచాయతీదా కనుక్కో. మెట్రోకెంత దూరం, స్కూలుకెంత దూరం. అన్నీ మంచి మాటలే, అన్నీ రాసుకున్నాను. చివర ఒకాయన అన్నాడు: “అన్నిటికన్నా ముందు లొకాలిటీ మంచిదా కాదా చూసుకోండి మేడం.”

మంచి లొకాలిటీ అంటే ఏమిటని ఆయన్ను నేను అడగలేదు. అడగాల్సింది.

*

మొదట చూసింది గేటు, కాపలా, లోపల చిన్న గుడి ఉన్న అపార్ట్‌మెంట్. రెండో చేతి ఫ్లాట్, మూడో అంతస్తు, గాలీ వెలుతురూ బాగున్నాయి. ఓనరు ఊళ్ళో లేడు. అసోసియేషన్ పెద్దమనిషి ఒకాయన తాళం తీసి చూపించాడు. చాయ్ కూడా పోయించాడు.

“ఏ ఊరు మేడం మీది?” చెప్పాను. “సూర్యాపేట దగ్గరా! మా వియ్యంకులదీ అటే. మీ ఇంటిపేరు?” చెప్పాను. మా ఇంటిపేరు రెండు మూడు కులాల్లో ఉంటుంది. దాంతో ఆయనకు తెగలేదు. “ఊళ్ళో ఎటువైపు ఉంటది మీ ఇల్లు?” అన్నాడు. అదీ అయ్యాక కప్పు కింద పెట్టి, నవ్వుతూనే, “ఏమనుకోకుండ్రి, మీరు ఎవలైతరు?” అన్నాడు.

తెలుగులో ఇంత మర్యాదగా అడిగే ప్రశ్న ఇంకోటి లేదు. మా వైపు “ఎవలైతరు” అంటారు, కోస్తాలో “మీరేవుట్లు” అంటారు. పట్నంలో చదువుకున్నవాళ్ళయితే “మీ బ్యాక్‌గ్రౌండ్ ఏంటండీ” అంటారు. చెప్పాను. మాదిగోళ్ళమని చెప్పాను. ఆయన ముఖంలో ఏ మార్పూ రాలేదు. “అయ్యో, అట్లాంటివి మాకు లేవు మేడం, ఊరికే అడిగిన” అన్నాడు. గేటు దాకా వచ్చి సాగనంపాడు.

రెండో రోజు ఫోన్ చేస్తే ఫ్లాట్ అమ్ముడుపోయిందన్నారు. నెల తర్వాత అదే ఫ్లాట్ ఫొటోలు, అదే వంటింటి నీలం టైల్స్, ఇంకో ఏజెంట్ నా ఫోనుకే పంపించాడు.

అట్రాసిటీ చట్టం ఉంది కదా అంటారు కొందరు. ఉంది. “ఫ్లాట్ అమ్ముడుపోయింది మేడం” అనే వాక్యాన్ని ఏ స్టేషన్‌కు తీసుకెళ్ళి ఏ కాయితం మీద రాయించమంటారు? 2016 నాటి రెరా చట్టం బిల్డర్ ఏ తేదీకి ఇల్లు అప్పగించాలో, కార్పెట్ ఏరియా ఎట్లా లెక్కించాలో వివరంగా చెప్తుంది. కులం చూసి అమ్మనన్నవాణ్ణి ఏం చేయాలో చెప్పదు. రాజ్యాంగం 15వ అధికరణలో దుకాణాలూ హోటళ్ళూ బావులూ చెరువులూ రోడ్లూ పేరుపేరునా ఉన్నాయి. ఇల్లు అమ్మడం, కొనడం అనే మాట అందులో లేదు. 2005లో సుప్రీంకోర్టు గుజరాత్‌లోని ఒక పార్సీ హౌసింగ్ సొసైటీ కేసులో, తమ మతంవాళ్ళకే సభ్యత్వమన్న నియమం చెల్లుతుందని తీర్పు చెప్పింది. నలుగురు కలిసి సంఘం పెట్టుకునే స్వేచ్ఛ అది అన్నారు. ఆ స్వేచ్ఛ పక్కనే మన స్వేచ్ఛ ఎక్కడుందో వెతుక్కోవాలి.

*

తర్వాత ప్లాటు చూశాం. ఘట్‌కేసర్ అవతల, రోడ్డుకు రెండు కిలోమీటర్లు లోపలికి. 150 గజాలు. చుట్టుపక్కల రేటులో సగం కంటే తక్కువ. ఎందుకింత తక్కువ అంటే, “ఇప్పుడైతే నోటరీ మీద ఇస్తం సార్, రేపు సర్కారు రెగ్యులరైజ్ చేస్తది, అప్పుడు రేటు మీకు అందదు” అన్నాడు అమ్మేవాడు. నా సహచరుడి కళ్ళు మెరిశాయి. అతన్ని తప్పు పట్టను. మామయ్య చచ్చిపోయేదాకా సొంత గోడకు మేకు కొట్టుకోలేదు.

వాళ్ళిద్దరూ కొలతలు చూస్తుంటే నేను కడీల పక్కన నడుచుకుంటూ పోయాను. అక్కడొక ముసలమ్మ రెండు మేకల్ని మేపుకుంటూ కూచునుంది.

“ఈ భూమి ఎవరిది అవ్వా?”

“గిది మాదే ఉండె బిడ్డా. మా మామకు సర్కారోళ్ళిచ్చిన్రు. లావణి పట్టా.”

“అమ్మేసిన్రా?”

“అమ్ముడేంది బిడ్డా! పెద్దపిల్ల పెండ్లికి పైసలు తీస్కున్నం. కాయితం మీద ఏలుముద్ర ఏయించుకున్నరు. కొన్నేండ్లు వాళ్ళే దున్నుకున్నరు. ఎనుక కడీలు నాటిన్రు.” కాసేపాగి అడిగింది: “మీరు ఎవలైతరు?”

అదే ప్రశ్న. ఆమె అడిగితే గొంతు అడ్డం పడలేదు. “మాదిగోళ్ళమే అవ్వా.”

ఆమె ముఖం విచ్చుకుంది. “గట్లనా! మరి కొనుండ్రి బిడ్డా. ఎవలో ఒకలు కొననే కొంటరు. మనోళ్ళు కొంటే మంచిదే గద.”

ఆమె కోపంగా మాట్లాడి ఉంటే నాకు సులువయ్యేది. నన్ను దీవించింది.

కొత్తగా ఇల్లు వెతుక్కునే మనవాళ్ళు ఇది తెలుసుకోవాలి కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. లావణి పట్టా అంటే భూమిలేని పేదలకు సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూమి. సాగు చేసుకోవచ్చు, పిల్లలకు ఇచ్చుకోవచ్చు, అమ్మకూడదు. 1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చింది. దాని ప్రకారం అట్లాంటి భూమి కొన్నవాడికి హక్కు రాదు. రిజిస్ట్రేషన్ అయినా, నోటరీ అయినా, తెల్లకాయితం అయినా అంతే. సర్కారు ఆ భూమిని వెనక్కి తీసుకుని మొదటి పేద కుటుంబానికి తిరిగి అప్పగించవచ్చు. చట్టం మనకోసమే పుట్టింది. నగరం చుట్టూ జరిగింది మాత్రం వేరు. పెళ్ళి ఖర్చుకో ఆస్పత్రి ఖర్చుకో వేలిముద్ర పడుతుంది, భూమి చేతులు మారుతుంది, ఎకరాల లెక్క గజాల లెక్క అవుతుంది, గజాల లెక్కలో లావణి అనే మాట మాయమవుతుంది. రెగ్యులరైజ్ అవుతుందన్న ఆశ మాత్రం ఫ్రీగా పంచుతారు. అట్లా క్రమబద్ధం అయిన రోజున ఆ అవ్వకు మిగిలిన చివరి హక్కు తెగిపోతుంది. ఆ కత్తి పిడి మీద నా వేలు కూడా ఉంటుంది.

మేం కొనలేదు. ఇందులో త్యాగమేం లేదు, బ్యాంకువాళ్ళు ఎట్లాగూ ఆ కాయితం మీద లోను ఇవ్వరు. కానీ లోను ఇచ్చే అవకాశం ఉండి ఉంటే ఏం చేసేవాళ్ళమో ఆ రాత్రి మేమిద్దరం ఒకరినొకరం అడుగుకోలేదు. ఇదీ రాసి పెట్టాలి.

*

ఇప్పుడు “రీసేల్ ఉండదు” దగ్గరికి వస్తాను.

హైదరాబాద్ చుట్టూ ఉన్న ఏ కొత్త కాలనీ అయినా ఖాళీ నేల మీద మొలవలేదు. ప్రతి కాలనీ కిందా ఒక ఊరుంది. ఊరికి ఒక వాడ ఉంది. ఊరు కలిసిపోయి, పేరు బస్‌స్టాప్ మీద మాత్రం మిగిలినా, వాడ ఎక్కడిదక్కడే ఉంటుంది. బోర్డు మారుతుంది. హరిజనవాడ పోయి ఎస్సీ కాలనీ అవుతుంది, లేకపోతే అంబేద్కర్ నగర్ అవుతుంది. చుట్టూ లేఅవుట్లు లేచి, పల్లంలో ఉన్న వాడ ఇంకా పల్లమైపోతుంది. కొత్త రోడ్డు ఎత్తు పెంచి వేస్తారు, వాన నీళ్ళన్నీ వాడలోకి దిగుతాయి. అప్పుడంటారు, “చూశారా, ఆ కాలనీ ఎప్పుడూ మురికిగానే ఉంటది” అని.

అక్కడి ఇళ్ళకు ధర రాకపోవడానికి కాయితాల కారణాలూ ఉన్నాయి. చాలా ఇళ్ళు గ్రామకంఠంలో ఉంటాయి, రిజిస్టరైన లింకు డాక్యుమెంట్లు ఉండవు. ఇంకొన్ని సర్కారు ఇచ్చిన ఇళ్ళ పట్టాలు, స్వేచ్ఛగా అమ్ముకునే వీలుండదు. కాయితం లేనిదే లోను లేదు. లోను లేనిదే కొనేవాడు లేడు. కొనేవాడు లేనిదే ధర లేదు. ఇంతవరకూ అది చట్టం సంగతి. మరి మూడు గల్లీల అవతల, కాయితాలన్నీ సక్రమంగా ఉన్న ఇంటికి ధర ఎందుకు తగ్గాలి? అక్కడ తగ్గేది కాయితం వల్ల కాదు, గాలి వల్ల. ఆ గాలికి మనం పెట్టుకున్న మర్యాద పేరే లొకాలిటీ.

త్రినా వితయతిల్, గాయత్రీ సింగ్ అనే పరిశోధకులు 2012లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఒక వ్యాసం రాశారు. హైదరాబాద్‌తో సహా దేశంలోని 7 పెద్ద నగరాల్లో, 2001 జనాభా లెక్కల వార్డు వివరాలు తీసుకుని, మనుషులు ఎక్కడెక్కడ విడివిడిగా బతుకుతున్నారో లెక్కగట్టారు. ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ విడిపోయిన దానికంటే కులం వల్ల విడిపోయిందే ఎక్కువని తేలింది. నగరానికి పోతే కులం పోతుందన్నవాళ్ళు ఈ ఒక్క వాక్యం గోడకు అంటించుకోవాలి.

నా బాధ ఇంకొకటి. మనలో జీతం వచ్చినవాళ్ళం ఏం చేస్తున్నాం? లొకాలిటీ అనే మాటను వాళ్ళ దగ్గర అరువు తెచ్చుకుని మనమూ అదే వాడుతున్నాం. వాడకు ఎంత దూరంగా ఉంటే అంత ధర పెట్టి కొంటున్నాం. 20 ఏళ్ళ ఈఎంఐ కడుతున్నాం. ఆ ఈఎంఐలో కొంత గోడకు, కొంత నేలకు, కొంత మన సొంత మనుషులకు దూరంగా ఉన్నందుకు. వాడను నగరం రెండుసార్లు దోచుకుంది. మొదట వాడ చేతిలోని భూమిని చవగ్గా లాక్కుని లేఅవుట్ వేసింది. తర్వాత వాడ పక్కన ఉందని చెప్పి మిగిలినదానికి ధర లేకుండా చేసింది. ఈ రెండో దోపిడీలో మన సంతకం కూడా ఉంది. అందుకే ఏజెంట్ మాటకు తలూపిన నన్ను నేను తేలిగ్గా వదిలిపెట్టలేకపోతున్నాను.

“మరి నీ బిడ్డను మళ్ళీ వాడలోనే పెంచుతావా? అక్కడి నుంచి బయటపడడానికే కదా నీ తల్లి నిన్ను హాస్టల్‌కు పంపింది?” అని మా చిన్నమ్మ అడిగింది. కొట్టిపారేసే ప్రశ్న కాదది. మనకు నీళ్ళొచ్చే నల్లా కావాలి, ఆటో వచ్చే రోడ్డు కావాలి, పాపకు లైబ్రరీ ఉన్న స్కూలు కావాలి. వాడలో బతకడమే ఉద్యమం అని ఫ్యాన్ కింద కూచుని రాసేవాళ్ళంటే నాకూ ఒళ్ళు మంట. మంచి రోడ్డు కోరుకోవడం వేరు, మనవాళ్ళు కనపడని రోడ్డు కోరుకోవడం వేరు. మార్కెట్ ఈ రెండింటినీ ఒకే ప్యాకెట్‌లో పెట్టి అమ్ముతుంది. విడదీసి అడగడం మనం నేర్చుకోవాలి.

*

ఈ గొడవ మనతో మొదలవలేదు. 1917లో చదువు మధ్యలో ఆపి బరోడాలో ఉద్యోగానికి వచ్చిన అంబేద్కర్‌కు ఆ ఊళ్ళో ఉండడానికి గది దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో, పార్సీ పేరు రాసి దిగారు. పదకొండో రోజున కర్రలతో జనం వచ్చి వెళ్ళగొట్టారు. హిందూ మిత్రుడూ చోటివ్వలేదు, క్రైస్తవ మిత్రుడూ ఇవ్వలేదు. పార్కులో కూచుని రైలు కోసం ఎదురుచూశారు. కొలంబియాలో చదివొచ్చిన మనిషి. పేరు దాచుకుని దొరికిన గది పదకొండు రోజులు కూడా నిలవలేదు.

ఆ మనిషే 1930లలో బొంబాయిలో ఇల్లు కట్టుకున్నారు. పుస్తకాల కోసం కట్టుకున్నారు. రాజగృహ అని పేరు పెట్టారు. ఎక్కడ కట్టారు? దాదర్‌లో, హిందూ కాలనీ అనే పేరున్న కాలనీలో. తన పేరుతో, తలుపు మీద తన బోర్డుతో. మళ్ళీ అదే మనిషి ఆధ్వర్యంలో 1942 నాగపూర్ మహాసభ, ఊళ్ళలో అంటరానివాళ్ళకు విడిగా సొంత గ్రామాలు కావాలని తీర్మానం చేసింది. 1985లో కారంచేడు తర్వాత మనవాళ్ళు ఆ ఊరికి తిరిగిపోకుండా చీరాలలో నిలబడి కాలనీ కట్టుకున్నప్పుడు ఆ తీర్మానం చదివి కాదు, ప్రాణం చెప్పిన దారిలో నడిచారు.

ఒకటి కలిసి ఉండడం, ఇంకొకటి విడిగా ఉండడం. రెండూ ఎట్లా సరైనవని నా విద్యార్థి ఒకడు అడిగాడు. రెండింటిలోనూ పేరు దాచుకోవడం లేదు కదా నాయనా అన్నాను. హిందూ కాలనీలో ఉన్నా, విడి గ్రామంలో ఉన్నా, తానెవరో చెప్పి ఉండడమే. ఆయన మళ్ళీ ఎన్నడూ పోనిది పేరు మార్చి రాసే ఆ సత్రానికే. నాకు ఇల్లు వెతకడానికి ఇంతకంటే మంచి లిస్టు దొరకలేదు.

*

ఇక అసలు సిగ్గుపడే సంగతి.

మూడు వారాల తర్వాత మేం ఆ గల్లీకే తిరిగిపోయాం. వెనక ఎస్సీ కాలనీ ఉన్న గల్లీకి. 100 గజాల్లో పాత ఇల్లు, రెండు గదులు, వెనక వేపచెట్టు. కాయితాలన్నీ లాయరుకు చూపించాం, సక్రమంగా ఉన్నాయి. ఓనర్లు రిటైరైన భార్యాభర్తలు, కొడుకు దగ్గరికి పోతున్నారు. బేరానికి కూచున్నాం. మేం నోరు తెరిచేలోపే మా ఏజెంట్ అన్నాడు: “అంకుల్, వెనకాల ఎస్సీ కాలనీ కదా, పార్టీ అదే ఆలోచిస్తున్నారు. కొంచెం చూడండి.”

పెద్దాయన తల దించుకున్నాడు. ఆ మాట ఆయన ముందు కూడా చాలాసార్లు విన్నట్టున్నాడు. లక్షన్నర తగ్గించాడు.

మేం ఆపలేదు. నేనూ ఆపలేదు, నా సహచరుడూ ఆపలేదు. బయానా ఇచ్చి బయటికొచ్చాం. ఆ రాత్రి అతనన్నాడు, “మనం అడగలేదు కదా.” నేనన్నాను, “వద్దనలేదు కదా.” తర్వాత ఇద్దరం నిద్రపోలేదు.

అగ్రిమెంటు రోజున సంతకాలకు ముందు చెప్పాను. “అంకుల్, మేం కూడా ఎస్సీలమే. వెనక కాలనీ గురించి మాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు చెప్పాల్సింది, చెప్పలేదు.” పెద్దాయన చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. “దానిదేముందమ్మా” అన్నాడు. ఆమె లోపలికి పోయి నీళ్ళు తెచ్చింది. గ్లాసులు స్టీలువా, ప్లాస్టిక్‌వా అని చూశాను. చూడకుండా ఉండలేకపోయాను. స్టీలువే. ధర మారలేదు. సంతకాలు అయ్యాయి.

బయట ఏజెంట్ బండి తీయకుండా నిలబడ్డాడు. “మేడం, నేను మీ గురించి అనలేదు.”

“నా గురించే అన్నారు తమ్ముడూ. మీకు తెలియదంతే.”

ఆ లక్షన్నర గురించి ఇంకా తేలలేదు. పెద్దాయన వద్దన్నాడు. ఆలోచిస్తే అది ఆయన పోగొట్టుకున్నదీ కాదు, మేం సంపాదించిందీ కాదు. వెనక కాలనీ మనుషుల ముఖాల మీద నుంచి గీరి తీసిన డబ్బు. ఏం చేయాలో మేమిద్దరం ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నాం. మంచి పని ఒకటి చేసి ఫొటో పెట్టి చేతులు కడుక్కోవాలని మాత్రం లేదు.

*

తెలియని ప్రాంతంలో ఇల్లు వెతుకుతున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ, నా తప్పులు మీరు చేయకుండా నాలుగు మాటలు.

ఒకటి. కనీసం 30 ఏళ్ళ ఈసీ తీయించండి, లింకు డాక్యుమెంట్లన్నీ తెచ్చుకోండి. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ సైట్లో చూడండి. అంతటితో ఆగకండి. పాత పహాణీలు, వీలైతే 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలు తీయించి లాయరుకు చూపించండి. లావణి, అసైన్డ్, సర్కారీ అనే మాట ఎక్కడ కనపడినా లేచి రండి. ఎంత చవకైనా లేచి రండి. ఆ చవక ఎవరి వేలిముద్రో గుర్తుంచుకోండి.

రెండు. ఏజెంట్ కంటే ముందు ఆ ఊరి వాడకు పోండి. సాయంత్రం పూట పోండి, అరుగు మీద కూచోండి. ఏ చెరువు ఎంత దూరం పారేదో, 2020 అక్టోబర్ వానకు నీళ్ళు ఏ గోడ దాకా వచ్చాయో, ఏ బోరు ఎప్పుడు ఎండిందో, ఏ భూమి ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి పోయిందో వాళ్ళకు తెలిసినంత ఏ వెబ్‌సైట్‌కూ తెలియదు. ఆ పొలాల్లో పని చేసింది వాళ్ళే, మీరు కొనబోయే ఇంటికి ఇటుక మోసిందీ వాళ్ళే.

మూడు. బయానా ఇవ్వకముందే మీరెవరో చెప్పండి. వాళ్ళు అడిగితే చెప్పడం కాదు, మీరే చెప్పండి. చెప్పాక ఫ్లాట్ అమ్ముడుపోతే పోనివ్వండి. లోను కట్టే 20 ఏళ్ళూ లిఫ్టులో ఇంటిపేరు మింగుతూ బతకడం కన్నా అది చవకే.

నాలుగు. ఎవరైనా “మంచి లొకాలిటీ” అంటే, మంచి అంటే ఏమిటని అడగండి. నీళ్ళా, రోడ్డా, స్కూలా? అంతకు మించి ఇంకేదైనానా? ఆ నాలుగో జవాబు వాళ్ళ నోటితో వాళ్ళే చెప్పనివ్వండి. చెప్పడానికి వాళ్ళకు కొంచెం కష్టమవ్వాలి. ఇన్నాళ్ళూ వినడానికి మనకే కష్టమైంది.

పై నెల రిజిస్ట్రేషన్. మొన్న ఆదివారం పాపను తీసుకుని వెనక కాలనీ దాకా నడిచాం. అక్కడ కూడా ఒక పెద్దమ్మ అడిగింది, ఎవలైతరు బిడ్డా అని. నేను నోరు తెరిచేలోపే పాప చెప్పేసింది. ఎట్లా చెప్పాలో దానికి నేను నేర్పలేదు. నన్ను చూసి నేర్చుకుని ఉంటే “అవునా అండీ” అనేది.

ఆ గల్లీలో రీసేల్ ఉండదట. ఉండకపోతే పోనివ్వండి. మేం కొన్నది అమ్ముకోవడానికి కాదు.

జై భీమ్.

(తర్వాతి భాగం: గృహప్రవేశానికి ఎవరెవరు వచ్చారు, ఎవరెవరు తిన్నారు)